చిన్న తాకిడికి పెద్ద దెబ్బ: స్ప్రింగ్ ట్రిగ్గర్ తయారీకి సమగ్ర మార్గదర్శి

పదిహేను గ్రాములకు మించని లాగుడుతో, దాదాపు ఒక కిలో బరువుకు సమానమైన బలాన్ని విడిచిపెట్టి గంట మోగించే చిన్న యంత్రాన్ని ఎలా తయారు చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. కావలసినవి ఒక చెక్క పలక, ఒక స్ప్రింగ్, కొన్ని బోల్టులు, కాస్త ఇనుప పట్టీ. పని చిన్నదే. అయితే ఇందులో పనిచేసే సూత్రాన్ని బాగా పట్టుకుంటే విద్యుత్ బ్రేకర్, లిఫ్టు, ఎలుకల బోను వంటి ఎన్నో యంత్రాల లోపలి పనితీరు అర్థమవుతుంది.

మొదట ఒక అపోహను తొలగించుకోవాలి. స్ప్రింగ్ మన చిన్న బలాన్ని పెద్దది చేయదు. మనం ముందుగా చేత్తో లాగి నింపిన శక్తినే అది దాచుకుంటుంది. ఆ శక్తి బయటకు రాకుండా ఒక గొళ్లెం ఆపుతుంది. ట్రిగ్గర్ చేసేదల్లా ఆ గొళ్లేన్ని తప్పించడం. దెబ్బకు కావలసిన శక్తి ట్రిగ్గర్ నుంచి రాదు, అది ఎప్పుడు పడాలో మాత్రమే ట్రిగ్గర్ నిర్ణయిస్తుంది. ఈ పనిలోకి కొత్తగా దిగేవారు సాధారణంగా బలమైన స్ప్రింగ్ కోసం వెతుకుతారు. నా దృష్టిలో వెతకవలసింది మంచి గొళ్లెం. స్ప్రింగ్ ఏదైనా దొరుకుతుంది, గొళ్లెం మాత్రం మనం చెక్కుకోవాలి.

సూత్రం

స్ప్రింగ్‌ను ఎంత సాగదీస్తే అంత బలంతో వెనక్కి లాగుతుందనే నియమాన్ని రాబర్ట్ హుక్ 1678లో వివరంగా ప్రచురించాడు. ప్రతి మిల్లీమీటరు సాగుడుకు స్ప్రింగ్ ఎన్ని న్యూటన్ల బలం చూపుతుందో దాన్ని స్ప్రింగ్ స్థిరాంకం అంటారు. దాచిన శక్తి కావాలంటే స్థిరాంకాన్ని సాగుడు వర్గంతో గుణించి సగం చేయాలి. సాగుడును రెట్టింపు చేస్తే శక్తి నాలుగు రెట్లవుతుందన్నమాట. అందుకే గట్టి స్ప్రింగ్‌ను కొంచెం సాగదీయడం కంటే మెత్తని స్ప్రింగ్‌ను ఎక్కువగా సాగదీయడం మేలు. గొళ్లెం మీద పడే బలం తక్కువగా ఉంటూనే కావలసినంత శక్తి దొరుకుతుంది.

విలియం హుకర్ 1894లో అమెరికాలో పేటెంట్ పొందిన ఎలుకల బోనులో ఉన్నది ఈ ఏర్పాటే. మెలిదిప్పిన స్ప్రింగ్‌ను ఒక సన్నని కడ్డీ ఆపి ఉంచుతుంది, ఎర పెట్టిన రేకు కదిలితే కడ్డీ జారిపోతుంది. ఎలిషా ఓటిస్ 1854లో న్యూయార్క్ ప్రదర్శనశాలలో లిఫ్టు వేదిక మీద నిలబడి, దాన్ని మోస్తున్న తాడును కోయించాడు. అక్కడ గొళ్లెం పాత్రను తాడు బిగువే పోషించింది. బిగువు ఉన్నంతసేపు వంగి ఉన్న స్ప్రింగ్, తాడు తెగగానే నిటారుగా సాగి ఇరువైపులా ఉన్న పళ్ల పట్టాల్లో చిక్కుకుంది, వేదిక పడిపోకుండా ఆగింది. ఎవరూ ట్రిగ్గర్ నొక్కనవసరం లేకుండా, ప్రమాదమే ట్రిగ్గర్‌గా మారే ఈ ఆలోచన నాకు ఎంతో ఇష్టం.

ప్రకృతి కూడా ఈ మార్గాన్నే ఎంచుకుంది. ఓడొంటోమాకస్ జాతి చీమలు దవడలను తెరిచి గొళ్లెం వేసి ఉంచుతాయి. పెద్ద కండరాలు నెమ్మదిగా బిగుసుకుంటాయి, చిన్న కండరం గొళ్లేన్ని తప్పిస్తుంది. అప్పుడు దవడలు మూసుకోవడానికి పట్టే సమయం సుమారు 0.13 మిల్లీసెకన్లు. ఏ కండరమూ నేరుగా అంత వేగం ఇవ్వలేదు.

తయారీకి ముందు లెక్క

మన యంత్రంలో మూడు భాగాలుంటాయి. స్ప్రింగ్ లాగే సుత్తి, సుత్తిని పట్టి ఉంచే కొక్కెం, ఆ కొక్కేన్ని తిప్పే పొడవాటి తోక. కొక్కెం, తోక కలిసి ఒకే మీట. సుత్తీ మీటా రెండూ పలకకు సమాంతరంగా, అడ్డంగా తిరుగుతాయి. అందువల్ల గురుత్వాకర్షణ లెక్కలోకి రాదు.

పూర్తిగా సాగినప్పుడు 10 న్యూటన్ల బలం ఇచ్చే స్ప్రింగ్ తీసుకుందాం. అంటే ఒక లీటరు నీళ్ల బరువు. సుత్తి ఇరుసుకు 40 మిల్లీమీటర్ల దూరంలో స్ప్రింగ్ లంబంగా లాగుతుంది. కొక్కెం మాత్రం 140 మిల్లీమీటర్ల దూరంలో సుత్తిని పట్టుకుంటుంది. కాబట్టి కొక్కెం మీద పడే బలం 10 × 40 ÷ 140, అంటే 2.86 న్యూటన్లే. ఇది మొదటి తగ్గింపు.

కొక్కేన్ని పక్కకు జరపడానికి ఘర్షణను అధిగమిస్తే చాలు. నున్నగా రుద్దిన పొడి ఉక్కు మీద ఘర్షణ గుణకాన్ని, అంటే నొక్కే బలంలో ఎన్నో వంతు ఘర్షణగా అడ్డుపడుతుందో చెప్పే అంకెను, 0.3 అనుకుందాం. దాన్ని 2.86తో గుణిస్తే 0.86 న్యూటన్లు. ఇది రెండవ తగ్గింపు. మీట ఇరుసుకు కొక్కెం 12 మిల్లీమీటర్ల దూరంలోను, తోక చివర 120 మిల్లీమీటర్ల దూరంలోను ఉంటే మరో పది రెట్లు తగ్గుతుంది. చివరకు మిగిలేది 0.086 న్యూటన్లు, అంటే దాదాపు 9 గ్రాముల బరువు. కొక్కెం వాలుకూ, మీటను వెనక్కి తెచ్చే సన్నని స్ప్రింగ్‌కూ కలిపి మరో 5 గ్రాములు వేసుకోండి. అంటే 14 గ్రాములు.

ఏ అంకె ఎక్కడ నుంచి వచ్చిందో గుర్తుంచుకోండి. యంత్రం మొండికేసినప్పుడు సరిచేయవలసింది ఈ మూడు చోట్లలో ఏదో ఒకటే అవుతుంది.

సామగ్రి

అడుగు పలక 300 మిల్లీమీటర్ల పొడవు, 250 వెడల్పు, కనీసం 18 మందం ఉండాలి. పలుచని పలక దెబ్బకు వంగుతుంది, వంగితే గొళ్లెం పట్టు మారిపోతుంది. సుత్తికి 150 × 20 × 15 మిల్లీమీటర్ల గట్టి చెక్క చాలు. మీటకు 145 మిల్లీమీటర్ల పొడవు, 12 వెడల్పు, 2 మందం ఉన్న ఉక్కు పట్టీ కావాలి. సుత్తి ఇరుసుకు 5 మిల్లీమీటర్ల బోల్టు, మీట ఇరుసుకు 4 మిల్లీమీటర్ల బోల్టు, వాటికి వాషర్లు, ఒక్కో బోల్టుకు అదనపు నట్లు తీసుకోండి. వీటితో పాటు 3 మిల్లీమీటర్ల ఉక్కు మేకు, రబ్బరు ముక్క, చిన్న లోహపు గంట, సన్నని ఉక్కు తీగ, చిన్న పూస, 400, 800, 1200 నంబర్ల ఎమెరీ కాగితం ఉండాలి. కళ్లకు దెబ్బ తగలకుండా కాపాడే రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.

స్ప్రింగ్‌ను చేత్తో లాగి అంచనా వేయవద్దు, తూచండి. ఒక కొస మేకుకు తగిలించి, రెండో కొసకు లీటరు నీళ్ల సీసా వేలాడదీయండి. అది మామూలు పొడవు కంటే 50 మిల్లీమీటర్ల వరకు ఎక్కువగా సాగాలి. సీసా తీసేశాక మొదటి పొడవుకే తిరిగి రావాలి. రాకపోతే ఆ స్ప్రింగ్ ఈ పనికి పనికిరాదు. చుట్లు దగ్గరగా అంటుకుని ఉండే స్ప్రింగ్‌లలో పుట్టుకతోనే కొంత బిగువు ఉంటుంది. కొంత బరువు పడేదాకా అవి తెరుచుకోవు. అందువల్ల తక్కువ బరువుతో కొలిచి లెక్కగట్టవద్దు, పూర్తి బరువుతోనే కొలవండి.

మొదటి అడుగు: సుత్తి

చెక్క ముక్క ఒక చివర ఇరుసు రంధ్రం చేయండి. బోల్టుకు సరిగ్గా సరిపోవాలి, అటూ ఇటూ ఊగకూడదు. చెక్కకు పైనా కిందా వాషర్లు వేసి, నట్టు బిగించి, దాని మీద రెండో నట్టుతో తాళం వేయండి. ఒక్క నట్టే ఉంటే సుత్తి తిరిగే కొద్దీ వదులవుతుంది. చేత్తో తోస్తే స్వేచ్ఛగా తిరగాలి, కానీ చివరను పైకీ కిందికీ కదిపితే కదలకూడదు. ఇక్కడ ఒక మిల్లీమీటరు ఊగుడు ఉంటే అవతలి చివర, అంటే కొక్కెం పట్టే చోట, అది పెద్దదై కనిపిస్తుంది.

ఇరుసు నుంచి 40 మిల్లీమీటర్ల దూరంలో స్ప్రింగ్ తగిలించడానికి కంటి మర (తల దగ్గర రింగు ఉన్న మర) బిగించండి. ఇరుసు నుంచి 140 మిల్లీమీటర్ల దూరంలో, సుత్తి వెనుక అంచుకు 4 మిల్లీమీటర్ల లోపలగా మేకును నిలువుగా దించండి. పైకి 6 మిల్లీమీటర్లు మిగిలేలా తలను కోసేయండి. వెనుక అంచు అంటే, సుత్తి పరుగెత్తే దిక్కుకు వ్యతిరేక వైపున ఉన్నది.

రెండవ అడుగు: స్ప్రింగ్‌ను అమర్చడం

సుత్తిని బిగించిన స్థితిలో, అంటే కొక్కెం పట్టుకోవలసిన చోట, నిలపండి. కంటి మర నుంచి సుత్తికి లంబంగా, అది పరుగెత్తే దిక్కున గీత గీయండి. స్ప్రింగ్ మామూలు పొడవుకు 50 మిల్లీమీటర్లు కలిపి, ఆ దూరంలో పలకకు గట్టి మర బిగించండి. స్ప్రింగ్ మామూలు పొడవు 60 మిల్లీమీటర్లయితే, మర 110 దగ్గర వస్తుంది. స్ప్రింగ్‌ను ఇప్పుడే తగిలించవద్దు. మిగిలిన పని పూర్తయ్యేదాకా యంత్రంలో శక్తి ఉండకూడదు.

ఈ కొలతలతో సుత్తి 60 డిగ్రీలు తిరిగి ఆగేసరికి స్ప్రింగ్‌లో ఇంకా 18 మిల్లీమీటర్ల సాగుడు మిగులుతుంది. అలా మిగలడం మంచిదే. లేకపోతే స్ప్రింగ్ వదులై కంటి మర నుంచి ఊడిపోతుంది. ఈ ప్రయాణంలో విడుదలయ్యే శక్తి సుమారు 0.22 జౌళ్లు. వినడానికి చిన్న అంకె. కానీ 30 గ్రాముల సుత్తి చివర, ఘర్షణను పక్కన పెడితే, సెకనుకు ఆరు మీటర్లకు మించిన వేగం అందుకుంటుంది. వేలికి తగిలితే గట్టిగా నొప్పి పుడుతుంది, కంటికి తగిలితే ప్రమాదం.

మూడవ అడుగు: కొక్కెం

సమయమంతా ఇక్కడే ఖర్చు పెట్టండి.

మీట ఇరుసు ఎక్కడ ఉండాలన్నదే మొదటి ప్రశ్న. బిగించిన స్థితిలో మేకు ఏ దిక్కున లాగుతుందో ఆ గీతను వెనక్కి పొడిగించండి. మేకుకు 12 మిల్లీమీటర్ల వెనుక, ఆ గీత మీదే ఇరుసు రంధ్రం చేయండి. సుత్తి లాగే బలం సరిగ్గా ఇరుసు గుండా పోతుంది కాబట్టి అది మీటను ఏ వైపూ తిప్పదు. రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా సుత్తి తనంతట తాను కొక్కేన్ని తెరవాలనో, మరీ బిగించాలనో చూస్తుంది. ఇరుసు సుత్తి వెనుక ఉండటం వల్ల మరో లాభం ఉంది. సుత్తి పరుగెత్తే దారికి అది అడ్డు రాదు. ఉక్కు పట్టీ సుత్తికి పైన, మేకు ఎత్తులో కదలాలి కనుక, ఇరుసు బోల్టుకు కింద తగినన్ని వాషర్లు పేర్చి పట్టీని ఆ ఎత్తుకు తీసుకురండి.

పట్టీలో ఇరుసు రంధ్రం చేసి, తోక వైపు 120 మిల్లీమీటర్లు, కొక్కెం వైపు మిగిలినది ఉంచండి. కొక్కెం వైపు పక్క నుంచి ఆకురాయితో గాడి కోయండి. మేకు గాడిలోకి వదులుగా రావాలి. మేకును ఆపే ముఖం ఇరుసు నుంచి 12 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి.

ఇక ఆ ముఖం వాలు. మూడు రకాలుగా ఉండవచ్చు. ముఖం ఇరుసు నుంచి గీసిన గీతకు కచ్చితంగా లంబంగా ఉంటే తటస్థం, విడిపించడానికి ఘర్షణను మాత్రమే అధిగమించాలి. బయటి అంచు ఇరుసుకు దూరంగా వాలి ఉంటే మేకు బయటకు జారాలని చూస్తుంది. గుణకం 0.3 అయినప్పుడు, లెక్క ప్రకారం సుమారు 16 డిగ్రీల వరకు ఘర్షణే ఆపుతుంది. కానీ బల్ల కదిలితే ఆ లెక్క చెల్లదు. బయటి అంచు ఇరుసు వైపు కొద్దిగా వంగి ఉంటే, కొక్కెం విడవాలంటే సుత్తిని వెంట్రుకవాసి వెనక్కి లాగవలసి వస్తుంది. అది భద్రమైన వాలు. నేను సూచించేది ఈ మూడవదే, 3 డిగ్రీలు. దీనివల్ల ఘర్షణ గుణకం 0.3 నుంచి 0.35కు పెరిగినట్లు అవుతుంది, అంటే మీట ఆరో వంతు బరువెక్కుతుంది. ఆ చిన్న ధరకు, తలుపు గట్టిగా వేసినా విడిపోని గొళ్లెం దక్కుతుంది.

ముఖాన్నీ, మేకునూ ఎమెరీ కాగితంతో 400, 800, 1200 వరుసలో రుద్దండి. చదునైన చిన్న లోహపు ముక్కకు కాగితం చుట్టి రుద్దాలి. వేలితో రుద్దితే అంచులు గుండ్రమవుతాయి. గుండ్రటి అంచు ఉన్న కొక్కెం ఒక్కోసారి ఒక్కో బలానికి విడిపోతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే గీతలన్నీ ఒకే దిక్కున, కొక్కెం జారే దిక్కున, కనిపించాలి. అడ్డంగా ఒక్క గీత మిగిలినా మేకు అక్కడ తట్టుకుంటుంది.

నూనె వేయాలా? నా సలహా వద్దనే. నూనె వేసిన రోజు మీట తేలికవుతుంది, దుమ్ము పట్టాక బరువెక్కుతుంది. ట్రిగ్గర్‌కు తేలికదనం కంటే నిలకడ ముఖ్యం.

నాల్గవ అడుగు: పట్టు లోతు

కొక్కెం మేకును ఎంత లోతుగా పట్టుకోవాలి? మేకు మధ్య గీత దాటి 1.5 మిల్లీమీటర్లు. దానికి తోక చివర 15 మిల్లీమీటర్లు కదలాలి. తోక పక్కన పలకకు ఒక చిన్న మర బిగించి, మీట అంతకంటే లోపలికి పోకుండా ఆపండి. మరను తిప్పుతూ లోతును సర్దుకోవచ్చు. ఎక్కువ లోతుతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రండి. అర మిల్లీమీటరు కంటే తక్కువ లోతుతో చేత్తో చేసిన కొక్కేన్ని నమ్మవద్దు.

మీటను ఆ మరకు ఆనించి ఉంచడానికి బలహీనమైన స్ప్రింగ్ కావాలి. ఇరుసు నుంచి 15 మిల్లీమీటర్ల దూరంలో 0.3 న్యూటన్ల బలంతో లాగే సన్నని స్ప్రింగ్ సరిపోతుంది. తోక చివర అది 4 గ్రాముల లోపే బరువు కలుపుతుంది.

ఐదవ అడుగు: గంట, రబ్బరు అడ్డు, రక్షణ చీల

సుత్తి నేరుగా గంటకు తగిలి అక్కడే ఆగితే, టక్కుమని శబ్దం వచ్చి నాదం చచ్చిపోతుంది. సుత్తి చివరకు 30 మిల్లీమీటర్ల ఉక్కు తీగ బిగించి, దాని కొసకు పూస తగిలించండి. 60 డిగ్రీల దగ్గర రబ్బరు అడ్డు పెట్టండి. సుత్తి రబ్బరు మీద ఆగినప్పుడు పూసకూ గంటకూ మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. సుత్తి ఆగాక తీగ వేగానికి ముందుకు వంగి, గంటను తాకి, వెంటనే వెనక్కి వస్తుంది. గంట స్వేచ్ఛగా మోగుతుంది.

సుత్తి బిగించిన స్థితిలో ఉండగా, దానికి ముందు పలకలో ఒక రంధ్రం చేసి గట్టి మేకును చీలగా దించండి. కొక్కెం పొరపాటున విడిపోయినా సుత్తి చీల దగ్గర ఆగుతుంది. క్రమం ఎప్పుడూ ఇదే: సుత్తిని వెనక్కి లాగడం, చీల పెట్టడం, కొక్కెం తగిలించడం, చేతులు తీయడం, అప్పుడు చీల లాగడం. ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని ప్రధాన స్ప్రింగ్‌ను తగిలించండి. ఈ సుత్తి ముందు ఏ వస్తువునూ ఎగరగొట్టడానికి పెట్టవద్దు, జంతువుల మీద వాడవద్దు.

ఆరవ అడుగు: కొలవడం

తోక చివరకు దారం కట్టి, అది అడ్డంగా వచ్చి బల్ల అంచున నున్నని కడ్డీ మీదుగా కిందికి దిగేలా చేయండి. కొసన చిన్న కాగితపు కప్పు వేలాడదీయండి. సూది లేని సిరంజితో ఒక్కో మిల్లీలీటరు నీళ్లు పోయండి. మిల్లీలీటరుకు ఒక గ్రాము. గంట మోగినప్పుడు కప్పు బరువును కలిపి రాసుకోండి. పదిసార్లు చేయండి. సగటు కంటే అంకెల మధ్య తేడా చూడటం ముఖ్యం. 13, 14, 15 అని వస్తే గొళ్లెం బాగున్నట్లే. 8 నుంచి 22 వరకు ఊగిసలాడితే కొక్కెం ముఖాన్ని మళ్లీ రుద్దాలి, లేదా ఏదో ఒక ఇరుసు వదులుగా ఉంది.

14 గ్రాములు వస్తే, మీరు పెట్టిన బలానికి దాదాపు 70 రెట్ల బలాన్ని విడిచిపెట్టినట్లు. శక్తిలో తేడా వంద రెట్ల దాకా ఉంటుంది.

తర్వాత యంత్రాన్ని బిగించి, చీల తీసి, బల్లను పిడికిలితో గట్టిగా కొట్టండి. విడిపోకూడదు. ఒక పగలంతా అలాగే వదిలేయండి. విడిపోతే పట్టు లోతు పెంచండి, వాలును సరిచూడండి. అస్సలు విడిపోకుండా మొండికేస్తే వాలు ఎక్కువైందని అర్థం. సుత్తి రబ్బరు మీద ఎగిరి రెండోసారి గంట కొడితే ఇంకాస్త మెత్తని రబ్బరు పెట్టండి.

ఇంకా తేలిక కావాలంటే

రెండు దారులున్నాయి. మొదటిది స్ప్రింగ్ గీతను ఇరుసుకు దగ్గరగా తేవడం. పలక మీది మరను జరిపి, బిగించిన స్థితిలో స్ప్రింగ్ గీతకూ సుత్తి ఇరుసుకూ మధ్య లంబ దూరం 40కి బదులు 15 మిల్లీమీటర్లు ఉండేలా చేయండి. కొక్కెం మీద బలం 2.86 నుంచి సుమారు 1.07 న్యూటన్లకు పడిపోతుంది. సుత్తి కదిలే కొద్దీ ఆ దూరం పెరిగి లాగుడు పుంజుకుంటుంది. మరీ దగ్గరకు తెస్తే మాత్రం ఇరుసు ఘర్షణకే సుత్తి ఆగిపోతుంది. 10 మిల్లీమీటర్ల కంటే దగ్గరకు వెళ్లవద్దు.

రెండవ దారి రెండంచెల ట్రిగ్గర్. దీని గొప్పతనం చూడాలంటే విద్యుత్ లీకేజీని పట్టే బ్రేకర్‌ను తలచుకోవాలి. మనిషిని కాపాడటానికి, వెళ్లే కరెంటుకూ తిరిగి వచ్చే కరెంటుకూ మధ్య 30 మిల్లీయాంపియర్ల తేడాకే అది తెగాలి. అంత చిన్న కరెంటు పెద్ద స్పర్శకాలను, అంటే కరెంటు దారిని కలిపే లోహపు ముక్కలను, తెరవలేదు. సరఫరా మీద ఆధారపడని రకం బ్రేకర్‌లో ఒక శాశ్వత అయస్కాంతం చిన్న రేకును పట్టి ఉంచుతుంది. లీకైన కరెంటు తీగచుట్టలో పుట్టించే అతి స్వల్ప ప్రభావం ఆ అయస్కాంతపు పట్టును క్షణం పాటు సడలిస్తుంది. చిన్న స్ప్రింగ్ రేకును ఎగరేస్తుంది. రేకు పెద్ద గొళ్లేన్ని తడుతుంది. పెద్ద స్ప్రింగ్‌లు స్పర్శకాలను విడదీస్తాయి.

మన యంత్రంలో దీన్ని చేయాలంటే మీట తోక పక్కన ఇదే నమూనాలో మూడో వంతు పరిమాణం ఉన్న మరో సుత్తిని, అర న్యూటన్ స్ప్రింగ్‌తో అమర్చండి. అది తోకను తట్టి 15 మిల్లీమీటర్లు జరపాలి. అందుకు 2 న్యూటన్ మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ పని అవసరం. అర న్యూటన్ స్ప్రింగ్‌ను 30 మిల్లీమీటర్లు సాగదీస్తే 7.5 న్యూటన్ మిల్లీమీటర్లు దాగుతాయి, కాబట్టి మిగులు ఉంది. చిన్న సుత్తిని పట్టే కొక్కేనికి పెద్ద దాని కంటే నున్నని ముఖం, గట్టి ఇరుసు కావాలి. ఇక్కడ 4 గ్రాముల తిరుగు స్ప్రింగ్ కూడా ఎక్కువే, దాని స్థానంలో ఒక పలుచని స్ప్రింగు తీగను వంచి పెట్టండి. బిగించేటప్పుడు పెద్ద సుత్తిని ముందు, చిన్న సుత్తిని తర్వాత బిగించండి. విప్పేటప్పుడు చీల పెట్టి, చిన్నదాన్ని ముందు విడిచి, ఆ తర్వాతే పెద్దదాన్ని చేత్తో పట్టుకుని నెమ్మదిగా వదలండి.